కాలి వేళ్ల మధ్య కాగితాలు

1652 సెప్టెంబరులో తావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి గండికోట కొండ ఎక్కాడు. అతని దగ్గర అమ్మకానికి మంచి ముత్యాలున్నాయి. కొనాల్సింది గోల్కొండ సుల్తాను. మరి గోల్కొండకు పోకుండా పెన్నా ఒడ్డున ఉన్న ఈ కొండ ఎందుకు ఎక్కినట్టు? ఖరీదైన సరుకు ఏదైనా సరే, ముందు సుల్తాను ఖజానా మంత్రి మీర్ జుమ్లా చూసి సరేననాలి. ఆ తర్వాతే సుల్తాను కొంటాడు. ఈ సంగతి వ్యాపారులందరికీ తెలుసు.

ఆ మీర్ జుమ్లా అనే పెద్దమనిషి ఎలా కనిపించాడో తావెర్నియే రాసిపెట్టాడు. చెప్పుల్లేకుండా నేలమీద మఠం వేసుకుని కూర్చున్నాడు. కాలి వేళ్ల సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో ఇంకొన్ని ఉత్తరాలు. ఒకసారి కాలి నుంచి ఒకటి లాగుతాడు, ఇంకోసారి చేతి నుంచి. ఎదురుగా ఇద్దరు రాయసగాళ్లు. జవాబులు చెబుతుంటే వాళ్లు రాస్తున్నారు, కొన్ని ఆయనే రాసుకుంటున్నాడు. అన్నీ అయ్యాక చదివించుకుని విని, తన చేత్తోనే ముద్ర వేస్తున్నాడు.

ఇది చదివిన రోజు నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన సబ్ ట్రెజరీలో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరయ్యారు. మార్చి 31 రాత్రి భోజనం క్యారియర్ పట్టుకుని నేను వెళ్తే, బల్ల మీద, ఒడిలో, చంకలో, ఆఖరికి నోట్లో కూడా బిల్లులే. "ఏరా, తిన్నావా?" అని అడగడానికి కూడా నోరు ఖాళీ ఉండేది కాదు. కాలి వేళ్లు మాత్రం వాడలేదు, అప్పటికి బూట్లు వచ్చేశాయి కాబట్టి.

మనకు రాజులు తెలుసు, యుద్ధాలు తెలుసు, ఏ రాణి ఏ బావి తవ్వించిందో కూడా తెలుసు. కానీ రాజ్యం నడవడానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు లెక్క చూశారు అనేది మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పినా గోల్కొండ చివరి సుల్తాను మంత్రి మాదన్న పేరు దగ్గరికొచ్చేసరికి గొడవ మొదలవుతుంది. ఒకరికి ఆయన ధర్మం కోసం ప్రాణమిచ్చిన వీరుడు. ఇంకొకరికి చుట్టాలను మేపి రాజ్యాన్ని ముంచిన మనిషి. ఇరవై ఏళ్లుగా లెక్కల పుస్తకాలతోనే బతుకుతున్నవాణ్ణి కాబట్టి నాకు ఈ రెండు మాటలూ రుచించవు. ఆయన కూర్చున్న కుర్చీ ఎలాంటిదో చూడకుండా ఆయన మతం గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు. అదే కుర్చీలో ఆయన కంటే ముందు కూర్చున్నవాడు గండికోటలో కాలి వేళ్ల మధ్య కాగితాలు పెట్టుకున్న మనిషి. ఆయన ఇరానీ ముస్లిం. ఈయన తెలుగు బ్రాహ్మడు. ఒకడు బాగుపడ్డాడు, ఒకడు నడివీధిలో చచ్చాడు. ఆ తేడా మతంలో కంటే ఆస్తిలో ఉందని నేనంటాను.

మీర్ జుమ్లా అనేది పేరు కాదు, పదవి. జుమ్లా అంటే అరబ్బీలో మొత్తం. కూడికలన్నీ అయ్యాక అడుగున గీత గీసి వేసే అంకె అన్నమాట. (ఇప్పుడు రాజకీయాల్లో జుమ్లా అంటే ఉత్తుత్తి వాగ్దానం. మాట కూడా బకాయి పడిపోయింది.) గోల్కొండలో పేష్వా ప్రధానమంత్రి అయితే, ఖజానా మీద పెత్తనం మీర్ జుమ్లాది. బలమున్నవాడు ఆ కుర్చీలోకొస్తే రెండు పెత్తనాలూ అతనివే.

గండికోట మనిషి అసలు పేరు మీర్ ముహమ్మద్ సయ్యద్. ఇరాన్‌లోని అర్దెస్తాన్ ఊరివాడు. వజ్రాల వ్యాపారి దగ్గర పనివాడిగా గోల్కొండ వచ్చి, గనులు గుత్తకు తీసుకుని, మచిలీపట్నం హవల్దారై (అప్పట్లో ఆ మాటకు పాలనాధికారి అని అర్థం), ఓడలు కొని, పర్షియాకూ బర్మాకూ సరుకు నడిపాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో 60 వేల మంది పనిచేసేవాళ్లని తావెర్నియే రాశాడు. ఆ కాలంలో వజ్రాలంటే ప్రపంచానికి గోల్కొండే. అలాంటి చోట గనులు, ఓడలు, ఖజానా మూడూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయంటే ఆలోచించండి. ఈ రోజుల్లో దీన్ని ఏమంటారో మీకు తెలుసు. అప్పట్లో దీన్ని సమర్థత అన్నారు.

కర్ణాటక మీదకు సుల్తాను తరఫున సైన్యం తీసుకెళ్లి, 1650లో పెమ్మసాని చినతిమ్మానాయుడి దగ్గర గండికోట గెలిచాడు. గుళ్లలోని లోహ విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయించాలని చూశాడు. గెలిచిన సీమను మాత్రం సుల్తానుకు అప్పజెప్పలేదు, తనే ఉంచుకున్నాడు. ఏడాదికి 40 లక్షల రూపాయల రాబడి అని లెక్క. సొంతంగా 5 వేల గుర్రపు దళం, అంతకు నాలుగింతల కాల్బలం. సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు భయం పట్టుకుందంటే ఆశ్చర్యమేముంది? తన ఖజానా చూసే మనిషి తనకంటే ధనవంతుడైతే ఏ యజమానికి నిద్రపడుతుంది?

1655 నవంబరులో తెగింది. మీర్ జుమ్లా కొడుకు ముహమ్మద్ అమీన్ తప్పతాగి దర్బారుకొచ్చి, సుల్తాను ఆసనం మీదే పడుకుని వాంతి చేసుకున్నాడు. సుల్తాను అతణ్ణీ కుటుంబాన్నీ ఖైదు చేయించాడు. తండ్రి అప్పటికే మొఘలులతో మంతనాలు సాగిస్తున్నాడు. 1656 జనవరిలో ఔరంగజేబు కొడుకు సైన్యంతో హైదరాబాదులో దిగాడు. నగరం దోపిడీ అయింది. సుల్తాను కోటలోకి పారిపోయాడు. ఆఖరికి ఒక కోటి రూపాయల పరిహారం, కూతురి పెళ్లి ఒప్పుకుని బయటపడ్డాడు. మీర్ జుమ్లా మాత్రం ఒక పెద్ద వజ్రం పట్టుకుని ఢిల్లీ వెళ్లి షాజహాన్‌కు దివాను అయ్యాడు. ఆ వజ్రమే కోహినూరు అనేవాళ్లున్నారు, కాదనేవాళ్లూ ఉన్నారు. ఆ తగువు మనకొద్దు. ఆయన దానితో ఏం కొన్నాడో అది ముఖ్యం. అంతకంటే పెద్ద కుర్చీ కొన్నాడు.

తర్వాత బెంగాల్ సుబేదారయ్యాడు, అస్సాం మీదకు వెళ్లి జబ్బుపడి 1663లో పోయాడు. అప్పుడు ఔరంగజేబు అతని కొడుకుతో, నువ్వు ప్రేమగల తండ్రి కోసం ఏడుస్తున్నావు, నేను నా మిత్రుల్లోకెల్లా బలమైనవాడి కోసం, అందరికంటే ప్రమాదకరమైనవాడి కోసం ఏడుస్తున్నాను అన్నాడని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే రాశాడు. అంత సూటి సంతాపం నేను ఇంకెక్కడా చదవలేదు.

ఈ కథ నుంచి గోల్కొండ సుల్తానులు నేర్చుకున్న పాఠం ఏమై ఉంటుంది? ఈసారి ఖజానాకు ఓడలూ గుర్రాలూ ఉన్నవాణ్ణి పెట్టొద్దు. కలం మాత్రమే ఉన్నవాణ్ణి పెట్టాలి.

1672లో అబ్దుల్లా చనిపోయాక అల్లుడు అబుల్ హసన్ తానాషా గద్దెనెక్కాడు. ఎక్కించినవాళ్లలో ముఖ్యుడు సయ్యద్ ముజఫర్. ఆయనే మీర్ జుమ్లా అయ్యాడు, సుల్తానును బొమ్మను చేసి ఆడించబోయాడు. ఆయన దగ్గర రాయసం చేస్తున్నవాడు మాదన్న. హనుమకొండ ప్రాంతంవాళ్లని చెబుతారు. పారసీ వచ్చు, తెలుగు వచ్చు, అంకెలు వచ్చు. యజమాని దళపతుల్లో ఎవరికి ఎంత ముడుతోందో గుమాస్తాకు తెలియకుండా ఉంటుందా? వాళ్లను ఒక్కొక్కరినే సుల్తాను వైపు తిప్పుకున్నాడు. నెత్తురు చుక్క పడకుండా ముజఫర్ కుర్చీ దిగాడు, గుమాస్తా ఎక్కాడు. సూర్యప్రకాశరావు అని బిరుదు. అన్న అక్కన్నకు కూడా పెద్ద పదవి, మేనల్లుడు పొదిలి లింగన్నకు చెన్నపట్నం పక్కనున్న పూనమల్లి.

చుట్టాలను పెట్టుకున్నాడన్నది నిజమే, నేను దాచను. పాత అమీర్లను పక్కకు నెట్టి రెవెన్యూలో తనవాళ్లను నింపాడు. వాళ్లకు కడుపు మండింది. కానీ ఒక్కటి చూడండి. సొంత సైన్యం లేని మంత్రికి నమ్మకస్తులు ఎక్కడ దొరుకుతారు? ఇంట్లోనే. అది న్యాయమని అనడం లేదు, దాని కారణం చెబుతున్నాను.

ఆ రోజుల్లో పన్ను వసూలంటే గుత్త. పాటలో ఎక్కువ పాడినవాడికి సీమ ఇస్తారు. వాడు కట్టాల్సింది కట్టి, పైన ఎంత పిండుకుంటే అంత వాడిది. కట్టలేకపోతే దెబ్బలు. సుల్తాను సమక్షంలో బెత్తాలతో కొట్టించగా ఒక మచిలీపట్నం అధికారి చచ్చిపోయాడని ఆ శతాబ్దం మొదట్లో అక్కడ పనిచేసిన ఇంగ్లీషు వర్తకుడు మెత్‌వోల్డ్ రాశాడు. పై నుంచి కింద దాకా బెత్తమే. పైవాడి బెత్తం కిందవాడి వీపు మీద, వాడి బెత్తం రైతు వీపు మీద. రైతు మాత్రం ఎవరి లెక్కలోనూ మనిషి కాదు, పద్దు. మాదన్నను వీరుడనేవాళ్లు ఈ పుట తిప్పకుండా దాటేస్తారు.

ఇంగ్లీషు కంపెనీ చెన్నపట్నానికి గోల్కొండకు ఏడాదికి 1,200 వరహాలు కట్టేది. 1672 కౌలు అది. లింగన్న దాన్ని పెంచమని పట్టుబట్టాడు, సరుకులు రానివ్వకుండా ఒత్తిడి తెచ్చాడు. కంపెనీ దొరలు తమ కాగితాల్లో అతణ్ణి తిట్టుకున్నారు. రేవులో ఎంత వ్యాపారం జరుగుతోందో చూస్తే 1,200 అనేది ఒక జోకు. అక్కడ లింగన్న అడిగిందే సబబని నాకనిపిస్తుంది.

ఇక పెద్ద ఖర్చు దగ్గరికి వద్దాం. 1636 నుంచి గోల్కొండ మొఘలులకు ఏటా 2 లక్షల హొన్నుల (బంగారు నాణేల) పేష్కష్, అంటే కప్పం కట్టాలి. హొన్నుకు 4 రూపాయలున్నప్పుడు అది 8 లక్షల రూపాయలు. క్రమంగా హొన్ను ధర నాలుగున్నరకు, తర్వాత ఐదుకు పెరిగింది. గోల్కొండ మాత్రం పాత లెక్కనే 8 లక్షలు పంపుతూ వచ్చింది. 1650లలో దక్కన్ సుబేదారుగా ఉన్న ఔరంగజేబు ఇది పట్టుకుని, మారకం తేడా కింద 20 లక్షల బకాయి తేల్చాడు. ఫారిన్ ఎక్స్‌ఛేంజ్ తేడాల మీద నోటీసులు అందుకున్నవాళ్లకు ఈ టెన్షన్ కొత్త కాదు. మాదన్నకు వారసత్వంగా వచ్చిన లెక్క ఇది. ఎంత కట్టినా తీరదు. ఎందుకంటే అవతలివాడికి కావాల్సింది డబ్బు కాదు, బాకీ.

అందుకే 1677లో శివాజీ హైదరాబాదుకు వచ్చినప్పుడు జరిగిన ఒప్పందాన్ని నేను మతం కళ్లద్దాలతో చూడలేను. దక్షిణాది దండయాత్రకు గోల్కొండ రోజుకు 3,000 హొన్నులు ఇవ్వాలి, ఫిరంగులు ఇవ్వాలి, కొంత సైన్యం ఇవ్వాలి. రోజుకు 3,000 అంటే నెలకు 90 వేలు. మొఘలులకు ఏడాదంతా కట్టే 2 లక్షలు శివాజీ దగ్గర 67 రోజుల్లో అయిపోతాయి. ఇంత ఖర్చుకు మాదన్న ఎందుకు ఒప్పుకున్నాడు? హిందూ రాజ్యం కలగన్నాడంటారు కొందరు. నాకు మాత్రం ఇది ఇన్సూరెన్స్ ప్రీమియంలా కనిపిస్తుంది. మొఘలులకు కట్టిన డబ్బుతో ఇంకో ఏడాది టైము మాత్రమే కొనుక్కోవచ్చు. శివాజీకి కట్టిన డబ్బుతో ఒక గోడ కొనుక్కోవచ్చు. లెక్క తప్పు కాదు.

ఫలితం తప్పింది. జింజి, ఆ తర్వాత వేలూరు కోటలు శివాజీ చేతికొచ్చాయి. గోల్కొండకు జానెడు నేల కూడా దక్కలేదు. 1680లో శివాజీయే పోయాడు. ప్రీమియం మొత్తం కట్టాక కంపెనీ మూతపడ్డట్టయింది. పైగా ఔరంగజేబు చేతికి ఒక సాకు దొరికింది. రాజ్యాన్ని ఒక బ్రాహ్మడి చేతిలో పెట్టాడు, కాఫిర్లకు డబ్బిచ్చాడు అని తానాషా మీద నేరం మోపాడు. ఇక్కడ మతం ఉంది, లేదని ఎవరంటారు? కానీ అదే ఔరంగజేబు సొంత కొలువులో హిందూ అధికారులకు కొదవ లేదు. బీజాపూరు పని పడుతున్న ఆయనకు తర్వాత కావాల్సింది గోల్కొండ ఖజానా. ఆ ఖజానా తాళం మాదన్న దగ్గరుంది.

ఇక్కడ మన రామదాసు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. కంచర్ల గోపన్న అక్కన్న మాదన్నలకు మేనల్లుడని, వాళ్ల చలువతోనే తహశీల్దారు అయ్యాడని ఐతిహ్యం. వసూలైన శిస్తుతో భద్రాచలం గుడి కట్టించాడు, సర్కారుకు జమ కట్టలేదు, గోల్కొండ చెరసాలలో పడ్డాడు. పన్నెండేళ్లంటారు. చెరలో దేవుడితో పోట్లాడుతూ పాడుకున్న పాటల్లో ఒకదాంట్లో ఏ నగకు ఎన్ని వేలు పట్టిందో వరసగా చెబుతాడు. సీతమ్మ చింతాకు పతకానికి పదివేల వరహాలట. అందరూ అందులో భక్తి వింటారు. నాకు ఆడిట్ జవాబు కూడా వినిపిస్తుంది. అంశాలవారీగా ఖర్చు చూపించి, వోచర్లు మాత్రం రాముణ్ణి అడగమంటున్నాడు.

మేనమామ ఎందుకు విడిపించలేదని చిన్నప్పుడు మా నాన్నగారిని అడిగాను. "విడిపిస్తే మర్నాటి నుంచి ఒక్కడైనా కడతాడా?" అన్నారాయన, తల ఎత్తకుండా. పెద్దయ్యాక తెలిసింది, అంతకంటే మంచి జవాబు లేదని. సొంతవాడి బాకీ రద్దు చేసే అధికారం మంత్రికి ఉంటుంది. చేశాక మంత్రిగా ఉండే అధికారం ఉండదు.

1685లో మొఘలులు మళ్లీ వచ్చారు. సేనాని మీర్ ముహమ్మద్ ఇబ్రహీం అటువైపు దూకాడు. మాదన్న కథలో కూడా దూకినవాడు సొంత బలగం ఉన్నవాడే, గమనించండి. హైదరాబాదు మళ్లీ దోపిడీ అయింది. షరతులు వచ్చాయి: పాత బకాయిల కింద 1 కోటి 20 లక్షల రూపాయలు, ఏటా 2 లక్షల హొన్నులు, మల్ఖేడ్, సేడం సీమలు వదులుకోవడం, మాదన్న అక్కన్నల తొలగింపు. తానాషా అన్నిటికీ తలూపి, ఆఖరిదాన్ని మాత్రం వాయిదా వేస్తూ వచ్చాడు. మంచివాడు పాపం. హిందీలో తానాషా అంటే నియంత అని అర్థం స్థిరపడింది గానీ, ఈయన మంత్రిని తీసెయ్యడానికి కూడా మనసొప్పనివాడు.

రాజు చెయ్యనిది అంతఃపురం చేసింది. 1686 మార్చిలో ఒక రాత్రి, సుల్తానును కలిసి ఇంటికి వెళ్తున్న అన్నదమ్ములను గోల్కొండ వీధిలోనే జంషీద్ అనే బానిస, అతని మనుషులు నరికేశారు. వెనక ఉన్నది చనిపోయిన సుల్తాను అబ్దుల్లా భార్య సరూమా, పదవులు పోయిన అమీర్లు. ఇళ్లు దోచారు. ఊళ్లో ఇతర బ్రాహ్మల ఇళ్ల మీదా పడ్డారు. తలలు మొఘల్ శిబిరానికి పంపారు, బకాయిలో ఒక వాయిదా చెల్లించినట్టు.

మనకు ఒక సామెత ఉంది, ఊరి మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదని. ఊరి కరణానికి అది నిజమే. ఊరు ఎవరి చేతికి పోయినా చిట్టా అతని దగ్గరే ఉంటుంది, అతను లేకపోతే వసూలు లేదు. గోల్కొండ పోయాక కూడా కరణాలు కదల్లేదు. రాజ్యానికి కరణమైనవాడి మీద మాత్రం ఊళ్లన్నీ కట్టగట్టుకుని పడ్డాయి. ముహమ్మద్ సయ్యద్ లాగా పారిపోవడానికి మాదన్నకు ఓడల్లేవు, ఎదురు తిరగడానికి గుర్రాల్లేవు, ఇచ్చి బతకడానికి వజ్రం లేదు. ఉన్నదల్లా రాజు దయ. అది ఒక్క రాత్రి ఏమరుపాటుకు చాలలేదు.

మాదన్న తల ఇచ్చినందుకు ఏమైనా మిగిలిందా అంటే, అదీ లేదు. 1687లో ఔరంగజేబు స్వయంగా వచ్చి ఎనిమిది నెలలు ముట్టడి వేశాడు. బయట కరువు, వానలు, రోగాలు. సెప్టెంబరు 21న కోట లోపలి సర్దారు అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం తీసుకుని తలుపు తెరిచాడు. కోటలో దొరికిన నగదు దాదాపు 7 కోట్ల రూపాయలని లెక్క చెబుతారు, నగలు, వెండి, బంగారం కాక. ఈ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అడిగింది 1 కోటి 20 లక్షలు. ఉన్నది 7 కోట్లు. అంటే మాదన్న చచ్చింది ఖజానా ఖాళీ అయినందుకు కాదు. ఖజానా నిండుగా ఉన్నందుకు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో గోల్కొండ వెళ్లాను. కోట గుమ్మం కింద చప్పట్లు కొట్టే కార్యక్రమం అయ్యాక గైడు కుర్రాడు మమ్మల్ని పైకి నడిపిస్తూ, ఒక మొండిగోడల కట్టడం వైపు చెయ్యి చూపించి, "ఇది అక్కన్న మాదన్నల కచేరీ సార్" అన్నాడు, ఆగకుండానే. లోపల ఎవరూ లేరు. నేను ఒక్కణ్ణే వెళ్లి, కాగితాలు ఎక్కడ పెట్టేవాళ్లో అని గోడలో గూళ్లు చూస్తూ నిలబడ్డాను. అప్పటికే మా పిల్లలు, గైడు, వెనకొచ్చిన రెండు బస్సుల జనం అందరూ రామదాసు చెరసాల దగ్గర లైను కట్టారు. ఆయన చెక్కాడని చెప్పే రాముడి బొమ్మ ముందు ఎవరో కర్పూరం వెలిగించారు. బాకీ ఎగ్గొట్టినవాడి గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు.

"నాన్నా, త్వరగా రా!" అని పిల్లలు అరుస్తున్నారు. వెళ్లి లైనులో నిలబడ్డాను.